మనిషికి ముప్ఫై రెండు థ్రెడ్లు

నూకరత్నం గుండె ఒకసారి కొట్టుకుని మళ్ళీ కొట్టుకునే లోపల, కింది అంతస్తులోని కంప్యూటర్ ఆ రెండో చప్పుడులో రక్తం ఎటు పారుతుందో లెక్క కట్టి పైకి పంపాలి. దానికున్న గడువు ఎనభై అయిదు. సెకనును వంద భాగాలు చేస్తే అందులో ఎనభై అయిదు భాగాలన్నమాట. పద్నాలుగు నెలలుగా ఝాన్సీ ఆ అంకెతోనే నిద్ర లేస్తోంది.

సాగరగిరి గుండె పరిశోధనాలయం విశాఖపట్నం ఊరి చివర, కొండవాలు మీద ఉంది. రెండో అంతస్తులో ఆరుగురు రోగులు. ఆరుగురికీ గుండె ఎడమ భాగం దాదాపు పనిచేయదు. నిమ్మకాయంత పంపు ఒకటి లోపల అమర్చారు. అలాంటి పంపులు లోకంలో చాలా ఉన్నాయి గానీ, వాటన్నిటికీ ఒకటే జబ్బు. ఒకే వేగంతో తిరుగుతూ ఉంటే గుండె అడుగున ఓ మూల రక్తం సుడి తిరుగుతూ నిలిచిపోతుంది. నిలిచిన రక్తం గడ్డ కడుతుంది. ఆ గడ్డ కదిలితే నేరుగా మెదడుకే వెళుతుంది.

ఝాన్సీ రాసిన ప్రోగ్రాం ఆ సుడిని పుట్టకముందే పట్టుకుంటుంది. రోగి గుండెను నలభై లక్షల చిన్న గళ్ళుగా విడగొట్టి, తర్వాతి చప్పుడులో ఏ గడిలో రక్తం ఎటు కదులుతుందో ముందే లెక్క కట్టి, పంపు ఎంత వేగంతో తిరగాలో చెబుతుంది. సమాధానం సమయానికి అందకపోతే పంపు పాత వేగంతోనే గుడ్డిగా తిరుగుతుంది. ఒకటి రెండు సార్లయితే ఫరవాలేదు. వరసగా ఆలస్యమైతేనే ప్రమాదం.

దీన్ని ఒంట్లో పెట్టించుకోవడానికి అందరికంటే ముందు సంతకం చేసిన మనిషి నూకరత్నం. విజయనగరం డిపోలో ఇరవై ఆరేళ్ళు బస్సు కండక్టరుగా చేసింది. ఝాన్సీకి స్వయానా ఆడపడుచు, భర్త గౌరునాయుడికి అక్క.

ఇన్నాళ్ళూ రోగికొక కంప్యూటర్ ఉండేది. అవి పాతవి. ఒక్కోదానిలో లెక్కలు చేసే కోర్లు పదహారే, కానీ ఒక్కో కోరూ చురుకైనది, దాని పక్కనే సొంత మెమరీ కూడా పెద్దదే. ఒక గుండె లెక్కను అరవైలో తేల్చేసేవి. వాటి స్థానంలో ఇప్పుడు కొత్త యంత్రం ఒక్కటే వచ్చింది. దానిలో నూట తొంభై రెండు కోర్లు. ఒకే లెక్కను పంచుకుని చేసే పనివాళ్ళను కంప్యూటర్ వాళ్ళు థ్రెడ్లంటారు. ఆరుగురు రోగులు, మనిషికి ముప్ఫై రెండు థ్రెడ్లు. పదహారు చేసే పని ముప్ఫై రెండు చేస్తే సగం సమయం చాలదా అని అందరూ అనుకున్నారు.

శనివారం మధ్యాహ్నం ఝాన్సీ పరీక్ష చేసింది. కొత్త యంత్రం మీద ఒక్క గుండెను నడిపితే నలభై ఒకటి. చుట్టూ ఉన్నవాళ్ళు చప్పట్లు కొట్టారు. రెండు గుండెలకు నలభై ఏడు వచ్చింది. మూడింటికి యాభై అయిదు.

ఝాన్సీ ఆ మూడు అంకెలనూ నోటుపుస్తకంలో గీత మీద గుర్తు పెట్టింది. గీత పైకి వంగుతోంది. ఆ వంపునే పట్టుకుని నాలుగో గుండెకు, అయిదో గుండెకు, ఆరో గుండెకు పెన్సిలుతో చుక్కలు పెట్టింది. ఆరో చుక్క ఎనభై అయిదు దాటి పైన పడింది.

ఆ కాగితం పట్టుకుని డైరెక్టర్ భావనారాయణ గదికి వెళ్ళింది.

"ఒక్క వారం ఆగుదాం సార్. ఆరూ కలిపి పరీక్షించలేదు."

ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. "ఎందుకు పెరుగుతోందమ్మా? కోర్లు ఖాళీగానే ఉన్నాయి కదా?"

"కోర్లు ఉన్నాయి సార్. వాటికి గళ్ళ సమాచారం మెమరీలోంచి రావాలి. ఆ దారి అందరికీ ఒక్కటే. వీధి కుళాయి ఒకటే ఉన్నప్పుడు ముప్ఫై మంది బిందెలు పట్టుకుని నిలబడినా, నూట తొంభై మంది నిలబడినా వచ్చే నీళ్ళు అవే."

"మూడింటికి యాభై అయిదే కదా వచ్చింది. ఇంకా ముప్ఫై మిగిలి ఉంది."

"మూడింటికి సార్."

భావనారాయణ బల్ల మీదున్న జాబితా ఆమె వైపు తిప్పాడు. ఈ పంపు కోసం ఎదురుచూస్తున్నవాళ్ళ పేర్లు. మూడు పేర్లు ఎర్రసిరాతో కొట్టేసి ఉన్నాయి.

"ఈ నెలలో ముగ్గురు పోయారు. ఇది నడిస్తేనే ఇలాంటివి మరికొన్ని కొనడానికి డబ్బిస్తారు. పాత పద్ధతిలో మనిషికో యంత్రం తెచ్చేసరికి ఇంకెంతమంది పోతారో తెలియదు. నీకు నమ్మకం లేకపోతే సంతకం పెట్టకు. నేను బలవంతం చేయను."

ఆయన మాటలో మోసమేమీ లేదు. అందుకే ఝాన్సీకి ఎదురు చెప్పడం చేతకాలేదు. తన దగ్గరున్నది పెన్సిలు చుక్క మాత్రమే. చుక్క తప్పు కావచ్చు కూడా. సంతకం పెట్టింది.

ఆదివారం గౌరునాయుడూ ఆమే కలిసి ఆసుపత్రికి పులుసు పట్టుకెళ్ళారు. నూకరత్నం వరండాలో కూర్చుని, నడుముకు కట్టిన బ్యాటరీ పెట్టె సర్దుకుంటూ, మిగతా రోగుల్ని ఒక్కొక్కరినే నడవమని తరుముతోంది.

"ఒరే గౌరూ, ఉప్పునేని పులుసు తెచ్చి పులుసంతావేట్రా?" అంది ఒక ముద్ద తిని.

"డాట్రమ్మ ఒప్పుకోదు కదప్పా."

ఆమె నవ్వి మరదలి వైపు చూసింది. "రేపు కొత్త మిషనంట కదే. బాగుంతాదేటి?"

"బాగుంటుంది వదినా," అంది ఝాన్సీ.

సోమవారం ఉదయం ఏడున్నరకే మార్పు మొదలైంది. ఒక్కొక్క రోగినీ పాత యంత్రం నుంచి విడదీసి కొత్తదానికి కలుపుతున్నారు. కలిపిన ప్రతిసారీ కొత్త లెక్క కుదుటపడడానికి నాలుగు నిమిషాలు పడుతుంది. ఆ నాలుగు నిమిషాలూ పంపు గుడ్డిగా తిరుగుతుంది. రెండో అంతస్తులో గుండె డాక్టరు వహీదా ఫోను చెవిన పెట్టుకుని ఒక్కో రోగి పక్కన నిలబడుతోంది.

అయిదుగురిని కలిపాక తెర మీద డెబ్భై తొమ్మిది కనబడింది. ఎనభై అయిదు కింద ఉంది కాబట్టి ఎవరూ ఏమీ అనలేదు. ఖాళీ అయిన అయిదు పాత యంత్రాలనూ లారీ ఎక్కించేశారు. వాటిని రాజమండ్రి వైపు ఒక కాలేజీ అడిగింది. తొమ్మిదీ నలభైకి లారీ గేటు దాటింది.

పదింటికి కొబ్బరికాయ కొట్టారు. ఆరో మనిషిగా నూకరత్నాన్ని కలిపారు.

తెర మీద ఆరు గడులు ఉన్నాయి. నాలుగు నిమిషాల తర్వాత ఆరింటిలోనూ తొంభై పడింది. తర్వాత తొంభై రెండు. ఆరూ ఎర్రబడ్డాయి.

"ఝాన్సీ," వహీదా గొంతు ఫోనులో గట్టిగా వినిపించింది. "పైన అన్ని పంపులూ ఆలస్యం చూపిస్తున్నాయి. ఏం జరుగుతోంది?"

భావనారాయణ ఝాన్సీ కుర్చీ మీదికి వంగాడు. "థ్రెడ్లు పెంచు. ఒక్కో కోరు మీద రెండేసి నడుస్తాయి కదా, అరవై నాలుగు చెయ్యి."

"పెరిగితే ఇంకా పాడవుతుంది సార్. ఇరుకంతా ఆ కుళాయి దగ్గరే."

"ఒక్కరికి చేసి చూడమ్మా, నిలబడి వాదిస్తావేం?"

ఒక్కరికి చేసింది. నాలుగు నిమిషాలు పోయాయి. ఆ గడిలో నూట పద్దెనిమిది వచ్చింది. థ్రెడ్లు పెరిగితే గుండె లెక్క అన్ని ముక్కలవుతుంది, పక్క ముక్కలో ఏం జరిగిందో ప్రతి ముక్కా కనుక్కోవాలి. పని కంటే కబుర్లు ఎక్కువయ్యాయి. భావనారాయణ ముఖం తెల్లబడింది. పక్కకు జరిగి ఆమెకు చోటిచ్చాడు.

ఝాన్సీ వేళ్ళు వేగంగా కదిలాయి. మనిషికి పన్నెండు థ్రెడ్లు, యంత్రం మీద నలుగురు మాత్రమే. ఆ లెక్కన అరవై ఆరు వస్తుంది. ఎవరి నాడి పెరిగినా తట్టుకుంటుంది. కోర్లలో మూడు వంతులు ఊరికే పడి ఉంటాయి, ఉండనీ. అయిదుగురితో వచ్చిన డెబ్భై తొమ్మిది చాలదు, నాడి కాస్త పెరిగితే గడువే దాని కిందికి దిగిపోతుంది; కాబట్టి అయిదో మనిషి కొత్తదాని మీద ఎక్కడు.

నూకరత్నానికి వాడిన పాత యంత్రం ఇంకా గదిలోనే ఉంది, దాన్ని లారీ ఎక్కించలేదు. దాని మీద ఒక్కరు నడుస్తారు. అంటే మొత్తం అయిదుగురు.

"ఆరో మనిషికి గళ్ళు పెద్దవి చేయాలి," అంది ఫోనులో. "నలభై లక్షల బదులు అయిదు లక్షలు. లెక్క సులువుగా తేలిపోతుంది, కొత్త యంత్రం మీదే మిగతా నలుగురికీ అడ్డం రాకుండా నడుస్తుంది. కానీ అడుగున సుడి ఉందో లేదో దానికి కనబడదు."

"అందరికీ కొంచెం కొంచెం పెద్దవి చేస్తే?" అన్నాడు భావనారాయణ.

వహీదా ఆ మాట విన్నది. "ప్రమాదాన్ని అందరికీ పంచుదామంటారా? మిగతా అయిదుగురిలో సూరిదేముడికి మూడు వారాల కిందటే చిన్న గడ్డ కనబడింది. ఆ కొంచెం కూడా అతను తట్టుకోలేడు." ఆమె చార్టు తిరగేసిన చప్పుడైంది. "ఝాన్సీ, ఆరుగురిలో గట్టి మనిషి రత్నమ్మగారే. నాడి నెమ్మది, రక్తం పలచగా ఉంది. వైద్యం ప్రకారం అడిగితే నేను చెప్పేది ఆమె పేరే. పాత యంత్రం సూరిదేముడికి ఇవ్వాలి."

ఆ యంత్రం పద్నాలుగు నెలలుగా వదినను కాపాడింది. ఝాన్సీ మెట్లెక్కి పైకి పరిగెత్తింది.

గౌరునాయుడు అక్క మంచం పక్కనే ఉన్నాడు. ఝాన్సీ ఉన్నదున్నట్టు చెప్పింది, ఒక్క శనివారం సంగతి తప్ప.

"ఎంతసేపే?" అంది నూకరత్నం.

"లారీ వెనక్కి రావాలి. రెండు రెండున్నర గంటలు."

"నా మిషను ఆడికిస్తే సూరిదేముడు బతుకుతాడేటి?"

"బతకడానికే అవకాశం ఎక్కువ."

"కదలకుండా తొంగుంతే నాకేటీ అవదు కదా?"

ఝాన్సీ డాక్టరు వైపు చూసింది. వహీదా అందుకుంది. "అవ్వకపోవచ్చు. అవ్వదని మాత్రం నేను చెప్పలేను రత్నమ్మా."

నూకరత్నం కప్పు వైపు చూసి, పక్కమీద సర్దుకుని పడుకుంది. "అయితే బేగి కానీయండి. నిలబడి సూస్తారేటి? గౌరూ, నువ్వెల్లి ఆ లారీని పట్రా."

లారీ డ్రైవరు ఫోను ఎత్తడం లేదు. గౌరునాయుడు ఆసుపత్రి జీపు తాళాలు తీసుకుని దిగిపోయాడు. ఆర్టీసీ వర్క్‌షాపులో మెకానిక్కు అతను, ఆ రోడ్డు అతనికి గుమ్మం ముందు వీధి లాంటిది.

పదీ నలభై అయిదుకల్లా సూరిదేముడి గడిలో అరవై ఒకటి పడింది. కొత్త యంత్రం మీది నలుగురికీ అరవై ఆరు. నూకరత్నం గడిలో ముప్ఫై నాలుగు. అన్నిటికంటే చిన్న అంకె, అన్నిటికంటే పచ్చటి రంగు. భావనారాయణ దాని వంక చూసి ఊపిరి పీల్చుకున్నాడు. ఝాన్సీ మాత్రం ఆ అంకెను నమ్మలేదు. ఆ గడి ఏమీ చూడకుండానే అంతా బాగుందంటోంది.

పదకొండున్నరకు గౌరునాయుడు ఫోన్ చేశాడు. యలమంచిలి దాటాక ఒక హోటలు ముందు లారీ దొరికింది. "ఒక యంత్రాన్ని జీపులోకి ఎత్తించాను. లారీ కంటే నేను ముందొస్తాను. అప్పెలాగుంది?"

"బాగానే ఉంది. త్వరగా రండి."

నూకరత్నం కళ్ళు మూసుకుని, నాడి పెరక్కుండా ఉండాలని, తను తిరిగిన బస్సు రూటు నెమ్మదిగా వల్లె వేస్తోంది. ఝాన్సీ లాప్‌టాప్ పైకి తెచ్చుకుని ఆమె పక్కనే కూర్చుంది.

"జొన్నాడ... మోదవలస... తగరపువలస... ఆనందపురం... మధురవాడ..." చివరికి వచ్చాక మళ్ళీ మొదటి నుంచి.

పన్నెండూ ఇరవైకి, ఎన్నోసారో తెలియదు, "తగరపువలస" అంది. ఆగింది. మళ్ళీ "తగరపువలస" అంది. ఆ తర్వాత ఆమె నోట్లోంచి వచ్చింది ఊరి పేరు కాదు, అసలు మాటే కాదు.

"వదినా?"

నూకరత్నం కళ్ళు తెరిచి అయోమయంగా చూసింది. పెదవి ఒక పక్కకు జారింది.

"డాక్టరుగారూ!"

వహీదా రెండంగల్లో వచ్చింది. "రత్నమ్మా, కుడిచెయ్యి ఎత్తండి. కుడిది." ఎడమచెయ్యి లేచింది. కుడిచెయ్యి దుప్పటి మీద అలాగే పడి ఉంది.

మంచాన్ని తోసుకుంటూ అందరూ ఆపరేషన్ గదికి పరిగెత్తారు. లాప్‌టాప్ తెర మీద ఆమె గడి ముప్ఫై నాలుగుతో పచ్చగానే ఉంది.

ఒంటిగంటకు పది నిమిషాలుండగా జీపు గేట్లోకి వచ్చింది. ఝాన్సీ, గౌరునాయుడూ కలిసి యంత్రాన్ని చేతుల మీద మోసుకెళ్ళి తీగలు కలిపారు. కలుపుతున్నంత సేపూ ఆమె అతనికి అక్క సంగతి చెప్పలేదు. నాలుగు నిమిషాలు గడిచి, నలభై లక్షల గళ్ళతో అరవై పడ్డాక, అప్పుడు చెప్పింది. అతను ఆపరేషన్ గది వైపు పరిగెత్తాడు.

మెదడులోని గడ్డను తీశారు. నూకరత్నం బతికింది. కుడిచెయ్యి రాలేదు. మాటలు పోయాయి.

మరునాడు భావనారాయణ ఒక నివేదిక రాసి తెచ్చాడు. 'ముందుగా ఊహించడానికి వీల్లేని సాంకేతిక ఇబ్బంది' అని ఉంది అందులో. కింద ఝాన్సీ సంతకానికి చోటు వదిలాడు. ఒక్క రాత్రిలో ఆయన పదేళ్ళు పెద్దవాడైనట్టు కనిపించాడు.

"ఇది అబద్ధం సార్."

"తెలుసు," అన్నాడాయన. "ఇద్దరికీ తెలుసు."

ఆమె సంతకం పెట్టలేదు. కాగితాన్ని చించనూ లేదు, ఇంటికి తీసుకెళ్ళి వంటింటి బల్ల మీద పెట్టింది. గౌరునాయుడు అది చదివి, "నువ్వు సంతకం పెట్టలేదేం? నీకు ముందే తెలుసా?" అని అడిగాడు.

ఆమె నోటుపుస్తకం తెచ్చి ఆ గీత చూపించింది. అతనికి కంప్యూటర్లు తెలియవు గానీ, వంగిన గీత ఎటు పోతుందో తెలియడానికి చదువక్కర్లేదు. పుస్తకం మూసి ఆమె చేతికిచ్చి, చెప్పులేసుకుని బయటికి వెళ్ళిపోయాడు. ఆ తర్వాత ఎన్నో రోజులు ఇద్దరూ ఒకే ఇంట్లో తిని, ఒకే ఆసుపత్రికి వెళ్ళి వచ్చారు గానీ అతను ఆమె ముఖంలోకి చూడలేదు.

పద్దెనిమిదో రోజుకు నూకరత్నానికి కొన్ని మాటలు వచ్చాయి, ఒక్కొక్కటిగా, తడుముకుంటూ. ఆ మధ్యాహ్నం గదిలో ఇంకెవరూ లేనప్పుడు ఝాన్సీ ఆమె పక్కన కూర్చుని శనివారం జరిగింది మొదటి నుంచి చెప్పింది. చుక్కల సంగతి, సంతకం సంగతి, ఆదివారం వరండాలో బాగుంటుందని తను అన్న సంగతి.

"ముందే... తెల్సా?"

"తెలుసు వదినా."

నూకరత్నం ముఖం గోడ వైపు తిప్పుకుంది. ఝాన్సీ లేచి వచ్చేసింది. మరునాడు వెళితే నూకరత్నం కళ్ళు తెరవలేదు. మూడో రోజు తనే నర్సుతో కబురు పెట్టింది.

"ఆలకి... సెప్పినావా?"

"ఎవరికి?"

ఎడమచేత్తో వరండా వైపు చూపించింది. మిగిలిన అయిదుగురూ ఉన్న గదుల వైపు.

"లేదు."

"సెప్పు."

"చెబితే ఎవరూ దీన్ని నమ్మరు వదినా. విచారణ వస్తుంది. కొత్తవాళ్ళని చేర్చుకోవడం ఆపేస్తారు. జాబితాలో ఎదురుచూసేవాళ్ళు..."

తర్వాతి నెలల్లో ఆమె భయపడ్డదంతా జరిగింది కూడా. విచారణ వచ్చింది. చేరికలు అయిదు నెలలు ఆగాయి. ఆ అయిదు నెలల్లో జాబితాలో ఇద్దరు పోయారు. భావనారాయణ ఆ రెండు పేర్లూ ఝాన్సీకి ఫోన్ చేసి మరీ చెప్పాడు. తప్పు ఒప్పుకోవడానికీ ఒక ఖరీదుందని, అదీ కట్టింది తను కాదని ఆమెకు అప్పుడు తెలిసింది. ఆ రోజు వదిన గదిలో మాత్రం ఇవేవీ తెలియవు. నూకరత్నం ఎడమచెయ్యి చాపి ఆమె మణికట్టు గట్టిగా పట్టుకుంది. పట్టులో ప్రేమ ఉందో కోపం ఉందో ఝాన్సీకి అంతుబట్టలేదు.

"ఆల గుండె," అంది. మిగతా మాట కోసం చాలాసేపు వెతుక్కుంది. "ఆలది."

ఝాన్సీ వరండాలోకి వచ్చి, సూరిదేముడి గది తలుపు తట్టింది. రాళ్ళు కొట్టే పని చేసిన మనిషి. ఇప్పుడు మంచం మీద కూర్చుని ఉప్మా తింటున్నాడు. భార్య మందులు సర్దుతోంది.

"రండి ఇంజినీరమ్మా, కూకోండి. రత్నమ్మగారెలాగున్నారు?"

ఆమె కూర్చుంది. నోటుపుస్తకం తెరిచి అతని ముందు పెట్టి, తడబడకుండా అంతా చెప్పింది. మధ్యలో అతని భార్య మందుల సీసా చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయింది. అంతా అయ్యాక సూరిదేముడు చుక్కల్ని మొరటు వేలితో తడిమాడు.

"అయితే ఆ ఏళ నాకెట్టిన మిషను... ఆవిడదా?"

"అవును."

"అడిగే తీసినారా? అడక్కుండానా?"

"అడిగాం. ఆవిడే ఇమ్మంది. కానీ నాకు ముందే తెలుసని అప్పుడు చెప్పలేదు."

సూరిదేముడు పళ్ళెం పక్కన పెట్టాడు. చేతులు కడుక్కుని, బ్యాటరీ పెట్టె భుజానికి తగిలించుకుని, మంచం పట్టుకుని మెల్లగా లేచాడు. ఝాన్సీ సాయానికి చెయ్యి చాపింది. అతను ఆ చెయ్యి పట్టుకోలేదు, భార్య భుజం మీద చెయ్యి వేసుకున్నాడు.

"మీ మీద కోపమొస్తంది. సెప్పినందుకు కాదు, ఇప్పుడు సెప్పినందుకు," అన్నాడు. "ముందు ఆవిడ్ని సూసొస్తాను. మీరు ఆ పక్క గదికెల్లండి. ఆలకీ తెలియాల కదా."

అతను వరండాలో ఒక్కో అడుగూ చూసుకుంటూ నూకరత్నం గది వైపు నడిచాడు. ఆ తలుపు తెరుచుకుని మూసుకునేదాకా ఝాన్సీ అక్కడే నిలబడింది. తర్వాత పుస్తకం చంకలో పెట్టుకుని పక్క గదికి వెళ్ళింది.